మకావ్ పిల్లా, నా ఆకుపచ్చ స్వెటరూ

ఏవండీ, అక్కని ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చి సాయంత్రానికి వచ్చేస్తాను. మన చిన్న జూలో మకావ్ చిలకల గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది! కళ్లు మూసుకుని, గులాబీ రంగులో, నా బొటనవేలంత ఉంది. తల్లే మేత పెడుతోంది, మీరు చెయ్యి పెట్టకండి. నీళ్లు మార్చి, నానబెట్టిన గింజలు గిన్నెలో వేసి వచ్చేయండి. ముందు పక్క బోనులోని చిన్న కోతులకి అరటిపండ్లు పడేయండి, లేకపోతే గోలపెట్టి చిలకల్ని బెదరగొడతాయి.

చిలకల గదిలోకి వెళ్లేటప్పుడు తలుపు వెనక తగిలించిన నా ఆకుపచ్చ స్వెటరు వేసుకోండి. మీకు బిగుతే, తెలుసు. అయినా వేసుకోండి. అది వేసుకున్న మనిషిని తప్ప ఆ చిలకలు ఎవర్నీ నమ్మవు. పోయినసారి మీ తెల్లచొక్కా చూసి బెదిరే గుడ్డు పగలగొట్టుకున్నాయి.

తప్పు వాటిదే అన్నట్టు "ఇది గొడ్డు జంట, అమ్మేయ్" అన్నారు మీరూ, మీ పక్షుల డాక్టరూ. ఇప్పుడేమంటారు?

తా.క. మధ్యాహ్నం పెద్ద జూ వాళ్లు చూడ్డానికొస్తున్నారు. కిటికీలోంచే చూపించండి. "మేం పొదిగించాం" అనకండి. "మా ఆవిడ పొదిగించింది" అనండి. ఆ స్వెటరు విప్పకుండానే అనండి.