నెత్తి మీది పరువు

హన్మకొండ,
ఆదివారం.

ప్రియమైన వాసూ,

నీ ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తోంది. అత్తమ్మ ఫోన్ మోగుతుంది గాని ఎవరూ ఎత్తరు. మీ పెదబాపు ఒకసారి ఎత్తి, నా గొంతు విని పెట్టేశాడు. మీ ఊళ్లో సిగ్నల్ ఎట్లా ఉంటుందో తెలిసిందే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కాని ఇది సిగ్నల్ బాధ కాదు. అందుకే ఈ ఉత్తరం. పెళ్లయినప్పటి నుంచి నీకు ఉత్తరం రాసే అవసరమే రాలేదు, ఎట్లా మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు.

మామ పోయాడని నువ్వు ఫోన్ చేయగానే షాపులో సేటుకు కూడా చెప్పకుండా బండి మీద వచ్చాను. ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చిన ఏడుపు నటన కాదు. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. నాకు మామే నాయన. "నాకు కొడుకుల్లేకుంటేంది, ఈ పిల్లగాడే నా కొడుకు" అని ఊరందరికీ చెప్పుకునేవాడు. ఆయనకు తలగొరివి నేనే పెట్టాలని నాకూ ఉండింది.

కాని క్షవరం చేసే యాకయ్య తాత నీళ్ల చెంబు, కత్తి పట్టుకుని వచ్చాడు. వాకిట్లో పీట వేసి, "అల్లుడా, అచ్చి కూసో" అన్నాడు. గుండు చేయాలంటే ముందు జుట్టు ప్యాచ్ తీయాలి. గమ్‌తో అంటించిన దాన్ని ఊరందరి ముందు ఒలవాలి. నాది విగ్గని మీ ఊళ్లో నీకు తప్ప ఎవరికీ తెలియదు. "సిగ్నల్ దొరుకుతలేదు, రోడ్డు దాక పోయి సేటుకు ఫోన్ చేసి వస్త" అని బండెక్కాను. రోడ్డు మీద కాసేపు ఆగాను. వెనక్కి తిప్పుదామనే అనుకున్నాను. బండి ములుగు వైపే పోయింది. ములుగులో ఆగలేదు, హన్మకొండ దాకా ఎక్కడా ఆగలేదు.

ఎవరైనా అడిగితే షాపులో దొంగతనం అయ్యిందని, పోలీసులు పిలిచారని చెప్పు. దినాల నాడు నా బదులు ఇంకెవరినైనా కూర్చోబెట్టండి. నువ్వు మాత్రం ఒక్క మాట రాయి. తిట్టినా సరే.

నీ
ఉపేందర్

లింగాయపల్లె,
గురువారం.

ఉపేందర్ బావకు,

ఉత్తరం అందింది. దినాలు అయిపోయాక విప్పాను. అంతకు ముందు చదివే ఓపిక లేదు.

నువ్వు సిగ్నల్ కోసమే పోయావని మేమంతా నమ్మాం. శవాన్ని లేపకుండా ఆపాం. యాకయ్య తాత పీట ముందు చెంబు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. డప్పుల వాళ్లు కొట్టి కొట్టి ఆపేసి బీడీలు ముట్టించారు. ఎండ నెత్తికెక్కింది. అవ్వ మొగుడి కోసం ఏడ్చే ఏడుపు మధ్యలో కూడా "అల్లుడచ్చిండా" అని అడుగుతూనే ఉంది. రోడ్డు దాకా పోయి చూసి వచ్చినవాళ్లు బండి లేదన్నారు. అప్పుడు పెదబాపు నా దగ్గరికి వచ్చి, "పొద్దు వోతాంది బిడ్డా. ఇగ అగ్గి ఎవలు పట్టుకుంటరో నువ్వే చెప్పు" అన్నాడు. నేనే పట్టుకుంటానన్నాను.

ఆడపిల్ల అగ్గి పట్టుకోవడం మా ఊళ్లో లేదు. కొందరు గొణిగారు, కొందరు ఏడ్చారు. కుండ పట్టుకుని వైకుంఠధామం దాకా బాపు ముందు నేనే నడిచాను. దినాల నాడు చేయాల్సినవి కూడా అన్నీ నేనే చేశాను, ఒక్కటీ వదల్లేదు.

దొంగతనం అని చెప్పమన్నావు. నేనేమీ చెప్పలేదు. ఊరే ఒక మాట పుట్టించుకుంది. అల్లుడికి హన్మకొండలో ఇంకో ఇల్లు ఉందట, ఆమె ఫోన్ చేస్తేనే పోయాడట. బోడిగుండుకూ మోకాలికీ ముడి అంటే ఇదే. నవ్వొచ్చే రోజైతే నవ్వేదాన్ని. నిజం చెప్తే నీ పరువు పోతుంది, చెప్పకపోతే నాది పోతుంది. నేను చెప్పలేదు.

కోపం ఉంది, కాదనను. దాని కంటే బాధ ఎక్కువ ఉంది. బాపు కోసం ఏడుద్దామని కూర్చుంటే నువ్వే కళ్ల ముందుకు వస్తున్నావు. కన్న తండ్రి కోసం తీరిగ్గా ఏడ్వనియ్యకపోతివి.

నెల మాసికం దాకా ఇక్కడే ఉంటాను.

వాసంతి

హన్మకొండ,
మంగళవారం.

ప్రియమైన వాసూ,

నువ్వు అగ్గి పట్టుకుని నడిచావని చదివాను. నన్ను ఏమన్నా పడతాను. కాని నా బాధ ఒకటుంది, జర ఓపికతో విను.

డిగ్రీ అయ్యేసరికే నా నెత్తి ఖాళీ అయ్యింది. కాజీపేట బస్సులో నా కంటే పెద్దాయన లేచి "కూసో పెద్దమనిషీ" అన్నాడు. పెళ్లిచూపులకు పోయిన ఒక ఇంట్లో పిల్ల చాయ్ ఇచ్చి లోపలికి పోయి, "పిల్లగాని నాయననే అచ్చిండు, పిల్లగాడేడి?" అని వాళ్లమ్మను అడిగింది. ఆ మాట బయటికి వినబడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చాను. ఆ తర్వాతే ప్యాచ్ పెట్టించుకున్నాను. అప్పటి దాకా చీరల షాపు గోదాములో మూటలు కట్టేవాణ్ని. ప్యాచ్ పెట్టుకుని పోతే సేటు నన్ను తెచ్చి కౌంటర్ మీద నిలబెట్టాడు. మనిషిని అదే మనిషిని, మాట అదే మాట. మీ ఇంట్లో సంబంధం ఖాయమైంది కూడా ఆ జుట్టుతోనే.

పెళ్లయిన కొత్తలో భయపడుతూ నీకు చెప్పినప్పుడు, నువ్వు నా మొహం చూసి "పోనీ తియ్, నూనె ఖర్చు మిగిలింది" అన్నావు. ఆ మాట అన్న మనిషివి కాబట్టే ఇదంతా నీకు రాస్తున్నాను. ప్యాచ్ సర్వీసింగ్‌కు దుకాణానికి పోనివ్వకుండా నువ్వే నెలనెలా పాత గమ్ తుడిచి, కొత్త టేపు వేసి అంటించేదానివి. ఇప్పుడు నువ్వు లేవు. ప్యాచ్ ఒక పక్క లేచింది. అద్దంలో వెనక వైపు నాకు కనబడదు. టోపీ పెట్టుకుని షాపుకు పోతున్నాను, అందరూ అడుగుతున్నారు.

మాసికానికి వస్తాను. అత్తమ్మ కాళ్ల మీద, పెదబాపు కాళ్ల మీద పడతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంటుందని తెలుసు. కాని నా నెత్తి సంగతి మాత్రం ఎవరినీ ఎత్తనియ్యకు. ఆ ఒక్కటి తప్ప ఏం చేయమన్నా చేస్తాను.

నీ నూనె సీసా, దువ్వెన ఇక్కడే మర్చిపోయావు. పంపనా?

నీ
ఉపేందర్

లింగాయపల్లె,
సోమవారం.

బావా,

నూనె సీసా పంపకు. అవసరం లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పెళ్లిచూపుల సంగతి నాకు ఇన్నాళ్లూ చెప్పలేదు నువ్వు. నేనూ ఒకటి నీకు చెప్పలేదు. బాపు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేడు.

నీది విగ్గని బాపుకు తెలుసు.

మన మొదటి దసరాకు వచ్చినప్పుడు నువ్వు కల్లు తాగి, మధ్యాహ్నం పందిరి కింద మంచంలో పడి నిద్రపోయావు. చెమటకు అది జారి చెవి మీదికి వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. చూసింది బాపు. భుజం మీది తువ్వాల తీసి నీ నెత్తి మీద కప్పి, నువ్వు లేచేదాకా మంచం పక్కనే కూర్చున్నాడు. పెదబాపు నిన్ను పేకాటకు పిలవడానికి వస్తే, "అల్లునికి జరమచ్చింది, లేపకు" అని వాకిట్లో నుంచే పంపించాడు. సాయంత్రం నాతో అన్నాడు, "బిడ్డా, నాకు తెల్సని ఆ పిల్లగానికి తెల్వొద్దు. సిగ్గువడ్తడు. మల్ల మనింటికి రాడు" అని.

ఇంకో మాట ఉంది. ఇది నాకూ దినాల నాడే తెలిసింది. బాపు దవాఖానకు పోయే ముందు యాకయ్య తాతను ఇంటికి పిలిపించుకుని చెప్పాడట. తాత నాకు చెప్పిన మాట అట్లాగే రాస్తున్నాను. "నేను వోయినంక అల్లునికి గుండు చెయ్యకు యాకయ్యా. చెవి పక్కపొంటి రెండెంటికలు కత్తిరిచ్చి, నెత్తికి తువ్వాల చుట్టి లేపు. ఎవలన్న అడిగితె నెత్తిల కురుపులున్నయని చెప్పు" అన్నాడట. అందుకే తాత ఆ రోజు గుండు అనే మాటే ఎత్తలేదు. అచ్చి కూసో అన్నాడంతే. నువ్వే రాశావు కదా.

పీట మీద కూర్చుంటే సరిపోయేది బావా. నిన్ను ఎవరూ ఏమీ చేసేవాళ్లు కాదు. బాపు చచ్చిపోతూ కూడా నీ నెత్తినే కాపాడాలని చూశాడు. ఆ కాపాడినాయనను నువ్వు ఎండలో వదిలేసి పోయావు. నాకు ఏడుపు ఆగడం లేదు, ఇంక రాయలేను.

మాసికానికి రా. ఎట్లా వస్తావో నీ ఇష్టం.

వాసంతి

హన్మకొండ,
శనివారం.

ప్రియమైన వాసూ,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. గోదాములోకి పోయి చీరల మూటల మధ్య కూర్చుని ఏడ్చాను. అందరూ ఎవరు పోయారని అడిగారు. మా నాయన పోయాడని చెప్పాను.

ఆ సాయంత్రమే ప్యాచ్ పీకేశాను. పక్కలకు మిగిలిన నాలుగు వెంట్రుకలు కూడా మామ పేరు మీద తీయించుకున్నాను. తెల్లారి గుండుతోనే షాపుకు పోయాను. సేటు ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, "పెండ్లిళ్ల సీజన్ కదా ఉపేందర్, జర కొన్ని రోజులు లోపట్నే ఉండు" అని మళ్లీ గోదాముకు పంపాడు. ఫికర్ లేదు. మూటలు కట్టడం నాకు కొత్తా?

మాసికానికి ఇట్లాగే వస్తాను. ఊరందరూ చూడనీ. మామ ఫొటో ముందు ఈ నెత్తి పెట్టి మొక్కుతాను. ఆ తర్వాత నిన్ను బండి మీద ఎక్కించుకుని, ములుగు బజార్లో నుంచి పట్టపగలు మనింటికి తీసుకొస్తాను. నాకు ఇంక దేని భయమూ లేదు వాసూ. రమ్మని నిన్ను అడిగే హక్కు ఉందో లేదో తెలియదు. అయినా అడుగుతున్నాను.

నీ
ఉపేందర్

లింగాయపల్లె,
మాసికం అయిన మూడో నాడు.

ప్రియమైన బావా,

ప్రియమైన అని రాయడానికి ఇన్ని ఉత్తరాలు పట్టింది. అబద్ధం రాయడం లేదు. నీ మీద ప్రేమ పోలేదు, పోదు కూడా. అందుకే ఈ ఉత్తరం రాయడం ఇంత కష్టంగా ఉంది.

మొన్న నువ్వు గుండుతో బండి దిగితే అవ్వ నిన్ను పట్టుకుని బోరున ఏడ్చింది. నువ్వు విగ్గు సంగతి చెప్పగానే, తిడతాడనుకున్న పెదబాపు నీ భుజం మీద చెయ్యేసి, "గిండ్ల సిగ్గేంది కొడుకా? నా నెత్తి మీద మాత్రం ఏమున్నది?" అన్నాడు. ఒక్కరు కూడా నవ్వలేదు. తలుపు చాటు నుంచి చూస్తుంటే నా కడుపు నిండింది. నీకు తెలియదు, అప్పటికే బట్టలు సంచిలో సర్దుకుని ఉన్నాను. నీతో వచ్చేద్దామనే సర్దుకున్నాను.

దినాల నాడు నేనూ గుండు చేయించుకున్నానని నీకు రాయలేదు. అగ్గి పట్టుకున్నవాళ్లు జుట్టు ఇవ్వాలి. పట్టుకున్నాను, ఇచ్చాను. మొగుడు బతికుండగా ఆడది గుండు చేయించుకోవద్దని అందరూ అడ్డం పడ్డారు. మొక్కుకుని ఎములాడ గుళ్లో రాజన్నకు ఇస్తే తప్పు లేదు గాని కన్న తండ్రికి ఇస్తే తప్పా అని అడిగాను. పోయి పీట మీద కూర్చున్నాను. నీకు రాస్తే దెప్పినట్టు ఉంటుందని రాయలేదు. నువ్వే గుండుతో వచ్చాక ఇంక దాచే పని ఏముందనుకున్నాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని కాసేపు నవ్వుకుంటాం, కాసేపు ఏడుస్తాం అనుకున్నాను. నెత్తి మీది కొంగు తీసేసి బయటికి వచ్చాను.

నువ్వు నన్ను చూశావు. వెంటనే వాకిలి వైపు చూశావు, ఎవరైనా చూస్తున్నారేమోనని.

"కొంగు కప్పుకో, నలుగురున్నరు" అన్నావు. నేను కప్పుకోలేదు. దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేట్టు, "గిదేం పని వాసూ? నిన్ను గిట్ల బండి మీద ఎట్ల తీస్కపోవాలె? జుట్టచ్చేదాక ఈడనే ఉండు. లేకుంటె చెప్పు, నాకు తెల్సిన దుకాణమున్నది, ఆడోళ్లకు గూడ మంచి విగ్గులు చేస్తరు" అన్నావు.

ప్రేమతోనే అన్నావు. నాకు తెలుసు. నన్ను చూసి ఎవరూ నవ్వకూడదనే అన్నావు. నీ గుండు నువ్వు భరించడం నేర్చుకున్నావు, దానికి నాకు సంతోషమే. నా గుండు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే భయం. నీకు జుట్టు లేదని తెలిసిన రోజు నేను వాకిలి వైపు చూడలేదు బావా. నీ మొహమే చూశాను. అదొక్కటే నీ నుంచి కావాలనుకున్నాను.

నువ్వు వెళ్లిపోయాక సంచిలో బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేశాను. అవ్వ వచ్చింది. పక్కన కూర్చుని నా నెత్తి నిమిరింది, ఊరికే నిమురుతూనే ఉంది. అప్పుడు మాత్రం బాపు కోసం కడుపారా ఏడ్చాను.

నిన్నటి నుంచి బావి కాడికి కొంగు లేకుండానే పోతున్నాను. చూసేవాళ్లు చూస్తున్నారు. నా జుట్టు మొలుస్తోంది, చెయ్యి పెడితే గరుకుగా తగులుతోంది. వస్తుంది. మళ్లీ జడ వేసుకునేంత వస్తుంది. అప్పుడు కూడా నేను రాను.

వాసంతి