బాపు చెప్పని అక్కర

మొయినాబాద్,
నవంబరు 20, గురువారం.

అమ్మకు కృప వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం అని మొదట రాయాలి కదా, రాస్తున్నాను. అది ఎంతవరకు నిజమో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఈ రోజు పొద్దున నన్ను లేపింది బాపు. చేతిలో చాయ్ గ్లాసు! నాకు బుద్ధి తెలిశాక బాపు పొయ్యి వెలిగించడం చూడలేదు. "తాగు బిడ్డా, చక్కెర జర ఎక్కువైంది" అన్నాడు. ఆ వేళకు ఆయన మన తోట పూల షెడ్డులో గులాబీ కట్టలు చూసుకుంటూ అరుస్తూ ఉండాలి. షెడ్డుకు తాళం వేసి ఉంది. సోమవారం నుంచి ఒక్కరూ పనికి రావడం లేదు.

ఫోన్‌లో ఎందుకు చెప్పలేదంటావు. అక్క పక్కనే ఉంటుంది, నువ్వేమో స్పీకర్ పెడతావు. నెలలు నిండిన మనిషికి ఈ ఫికర్ ఎందుకు? అందుకే ఆనంద్ బాబు మామ జహీరాబాద్‌లో మీ దగ్గరికి వస్తున్నాడనగానే కాగితం తీసుకున్నాను. ఆశక్క పడుకున్నాక చదువు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. అన్నం వేళకే తింటున్నాను. చేవెళ్ల బస్సులో సీటు దొరకడం లేదు, నిలబడే చదువుకుంటున్నాను. తెలుగు మేడమ్ నా వ్యాసం క్లాసులో చదివించారు. 'అలజడి' అనే మాట సరైన చోట పడిందన్నారు. అప్పుడు ఆ మాట భలే ముద్దొచ్చింది. ఇప్పుడది మన ఇంట్లోనే తిరుగుతోంది, ముద్దు రావడం లేదు. బాపు ఫోన్‌లో రెండు మాటలే మాట్లాడుతున్నాడెందుకని అడిగావు. దానికి జవాబే ఈ ఉత్తరమంతా.

నువ్వు అక్క కాన్పుకని వెళ్లగానే పెళ్లిళ్ల సీజన్ మొదలైంది. ఫంక్షన్ హాళ్ల డెకరేషన్ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఏడింటికి వెళ్లే పూలబండి ఆరింటికే కావాలన్నారు. దాంతో బాపు షెడ్డులో పొద్దుటి ప్రార్థన ఆపేశాడు. "సీజన్ అయినంక చేస్కుందాం, దేవుడేమనుకోడు" అన్నాడు.

నువ్వు మొదలుపెట్టిన ప్రార్థన అది. కోతకు ముందు ఒక పాట, తర్వాత ఒక్కొక్కరు తమ అక్కర చెప్పుకోవడం. కోత మనుషులకు పెద్ద అయిన కృష్ణమ్మ బాపుతో ఏమనేదో గుర్తుందా? "మా బర్రె పాలిస్తలేదు దయానందం, మీ యేసయ్యకు చెప్పు. మల్లన్నకు నేను చెప్పుకుంట." మిషన్లు చూసే జానీ అయితే ఎప్పుడూ వాటి గురించే. "కోల్డ్ రూం మోటర్‌కు దువా చెయ్యి అన్నా, దగ్గుతున్నది" అనేవాడు. ఆమెన్ అనగానే బాపు మెకానిక్‌కు ఫోన్ చేసేవాడు.

ప్రార్థన ఆగాక ఎవరూ ఏమీ చెప్పడం మానేశారు. డెకరేషన్ వాళ్లు బాపు మీద అరిస్తే బాపు వీళ్ల మీద అరిచేవాడు. వీళ్లు ఎవరి మీద అరవాలి? కోతకు వచ్చే సమత ఒకరోజు నీళ్ల పైపు కారుతోందని చెప్పబోతే, "సమస్యలు మోస్కరాకు, పని చెయ్" అన్నాడు. పక్కనే ఉన్న జానీ విన్నాడు. అందుకే మోటారు మళ్లీ దగ్గినా నోరు మెదపలేదు. తనకు తోచింది బిగించి నెట్టుకొచ్చాడు. ఆదివారం షెడ్డుకు సెలవు, ఆ రోజే అది ఆగిపోయింది. సోమవారం కోల్డ్ రూం తలుపు తీసేసరికి లోపల పెట్టిన గులాబీలన్నీ విచ్చుకుని రెక్కలు రాలుస్తున్నాయి. బండి ఖాళీగా వెనక్కి పోయింది.

బాపు అందరి ముందు జానీ మీద విరుచుకుపడ్డాడు. "నోట్లె నాలుక లేదార? నీ అసొంటోళ్లు పదిమంది గేటు కాడ నిలబడ్డరు!"

జానీ తల దించుకున్నాడు. కృష్ణమ్మ చేతి గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఆ పదిమందిని పిల్వు" అని నడిచింది. ఆమె వెనకే అందరూ.

అప్పటినుంచి గులాబీలు చెట్ల మీదే విచ్చుకుంటున్నాయి. శనివారం పెద్ద పెళ్లి ఉంది. దానికీ పూలు ఇవ్వకపోతే డెకరేషన్ వాళ్లు మళ్లీ మన గేటు తొక్కరు. బాపు కూర్చుంటాడు, లేస్తాడు, వాకిట్లోకి పోయి వస్తాడు. నేను పుస్తకం తెరిచినా ఆయన చెప్పుల చప్పుడే చదువుతున్నాను.

ఇక దాచింది రాయాలి. భయపడకు, అమ్మా. పోయిన వారం బాపుకు ఛాతీ పట్టేసినట్టయింది. తనే బండి మీద చేవెళ్ల దవాఖానకు వచ్చి, అక్కడినుంచి కాలేజీలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. ఈసీజీ తీశారు. గుండెకు ఏమీ లేదట, నిద్ర లేక, మనసుకు తెరిపి లేక అలా అయిందట. "మీ అమ్మకు చెప్పకు. షెడ్డుల అసలే చెప్పకు. పని చేయించే మాలికే భయపడ్డడంటే పని నడ్వది" అని నా దగ్గర మాట తీసుకున్నాడు.

ఆ మాట నిన్న తప్పాను. కాలేజీ నుంచి నేరుగా సురంగల్ పోయి కృష్ణమ్మ ఇంటి ముందు నిలబడ్డాను.

"ఏందమ్మ, పదకొండో మనిషివి నువ్వేనా?" అని ఎత్తిపొడిచింది. దవాఖాన సంగతి చెప్పాను. అప్పుడు నిజంగా కోపమొచ్చింది ఆమెకు. "గంత జరిగితె మాకు చెప్పకపాయె! నా బర్రె సంగతి సుత ఆయనకు తెల్సు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న నా అక్కర గిదని నోరిప్పిండా?"

నేనెప్పుడూ గమనించలేదమ్మా. అందరి అక్కరలూ విన్నాడు, తనది ఎన్నడూ చెప్పలేదు.

"మరి వస్తారా?" అని అడిగాను.

"అందరి ముందల తిట్టిండు. జానీతోని అందరి ముందల్నే మాట్లాడాలె. అట్లయితె వస్తం."

ఈ పొద్దున ఆ చాయ్ తాగుతూ బాపుకు అంతా చెప్పేశాను. మాట తప్పినందుకు తిడతాడనుకున్నాను. నా చేతిలోని గ్లాసు తీసుకుని మిగిలిన చాయ్ తనే తాగాడు. "ఏం మాట్లాడాలె కృపా? నువ్వు మంచిగ రాస్తవు గద. రాసియ్యి, చూసి చదువుత" అన్నాడు.

రాశాను. 'పశ్చాత్తాపం' అనే మాట కూడా వేశాను. మేడమ్ మెచ్చుకునేలా వచ్చింది, బాపు మాట్లాడినట్టు మాత్రం లేదు. చింపేశాను. "నీ మాటే చెప్పు బాపు, అదే నాకొకసారి వినిపించు" అన్నాను. “జానీ, ఆనాడు నేను...” అన్నంత వరకే వచ్చింది. "రేపటికి వస్తదిలె" అని లేచి వాకిట్లోకి పోయాడు.

వస్తుందా? రేపు పొద్దున అందరినీ తీసుకుని రమ్మని కృష్ణమ్మకు కబురు చెప్పాను. జానీకి ఫోన్ చేస్తే "చూస్త" అని పెట్టేశాడు. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

రేపు పొద్దున ఐదింటికి షెడ్డు తాళం నేనే తీస్తాను. చాపలు పరిచి పాట ఎత్తుకుంటాను. మొదట అక్కర చెప్పేది బాపే. అంతసేపూ ఆయన ఫోన్ నా చేతిలో ఉంటుంది. డెకరేషన్ వాళ్లు చేస్తే, "బాపు పనిలో ఉన్నాడు, తర్వాత చేయండి" అని చెప్తాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
చిన్నబిడ్డ కృప