కట్ట పాదం వద్ద తేమ లేదు

ప్రాంతీయ విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రాగి గని బురదకట్ట కింద ఉన్న ఉన్నత పాఠశాల తరగతులను తక్షణం ఎత్తైన చోటికి మార్పించుట గురించి. మా సంఘంపై తమరు విధించిన నిషేధం గురించి కూడా. అయితే అది తర్వాత చూసినా ఫర్వాలేదు.

సూచిక: తమ కార్యాలయపు నిషేధ ఉత్తర్వు; ఇదే విషయమై నేను లోగడ పెట్టుకున్న మూడు అర్జీలు (జవాబు రాలేదు).

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను గని కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు టైపిస్టుగా పనిచేసి రిటైరైనదానను. బడిపిల్లలు నన్ను టైపమ్మ అంటారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక పేటలోని పౌరసంఘంలో చేరాను. సంఘమని పేరేగాని ఐదుగురమే ఉన్నాం. నెలకు రెండు శనివారాలు, ప్రధానోపాధ్యాయురాలి అనుమతితో, ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక గంట పాఠం చెప్పేవాళ్లం. మనం రోజూ చేత్తో పట్టుకునే వస్తువులు భూమిలోంచి ఎలా వస్తాయి, అవి తవ్విన చోట ఎవరి నేల, ఎవరి నీళ్లు పాడవుతాయి, కొత్తది కొనకుండా పాతదాన్నే ఎన్నాళ్లు వాడుకోవచ్చు అన్నదే పాఠం.

మా సంఘంలో ఫోన్లు బాగుచేసే ఆయన ఒకరున్నారు. పిల్లలకు ఆయన ఫోన్ల మావయ్య. చచ్చిపోయిన ఫోను ఒకటి తెచ్చి, బల్ల మీద ప్రపంచపటం పరిచి, ఫోనులోని ఒక్కో ముక్కనూ అది పుట్టిన దేశం మీద పెట్టేవారు. రాగి తీగ ముక్కను మా ఊరి మీద పెట్టినప్పుడు తరగతంతా కదిలింది. "మనూరు కూడా ఉందా మావయ్యా?" అని ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి చూశారు. వాళ్ల ముఖాల్లో గర్వం కనిపించింది. ఈ పాఠంలో పిల్లలను భయపెట్టునది ఏమీ లేదని మనవి.

2. మూడో పాఠంలో, రాయిని పిండిచేసి లోహం తీశాక మిగిలే బురదను ఎక్కడ పోస్తారో చెప్పాం. దూరదేశాల్లో అలాంటి బురదకట్టలు తెగిన చోట్ల తీసిన ఫొటోలు చూపించాం. ఆ తరగతిలో ఒకమ్మాయి ఉంది. కనబడిన ప్రతిదాన్నీ జేనలతో, అడుగులతో కొలుస్తుంది కాబట్టి తోటిపిల్లలు కొలబద్ద అంటారు. తండ్రి గనిలో టిప్పర్ డ్రైవరు. ఆ పిల్ల ఫొటోను చాలాసేపు చూసి, తల తిప్పి కిటికీలోంచి బయటకు చూసింది. కిటికీ నిండా మన కట్టే. బడి మేడకు నాలుగింతల ఎత్తు. ప్రహరీ గోడకు నూట ఇరవై అడుగుల దూరం.

"దీన్ని ఎవరైనా చూస్తుంటారా టైపమ్మా?" అని అడిగింది.

"నెలనెలా చూస్తారమ్మా. రిపోర్టు కూడా రాస్తారు" అన్నాను.

"చూడ్డం మీరు చూశారా?"

అయ్యా, అంతలో గంట కొట్టారు. బతికిపోయాను అనుకొని సంచీ తీసుకుని బయటపడ్డాను.

3. ఈ పేరా తమరు దయచేసి రెండుసార్లు చదవవలెను. కట్ట తనిఖీ రిపోర్టును నెలనెలా టైపు చేసినది నేనే. అందులో పదకొండు అంశాలు ఉంటాయి. ఆరవది: 'కట్ట పాదం వద్ద తేమ: లేదు.' మొదట్లో ఒక మేస్త్రీ కట్ట చుట్టూ నడిచి వచ్చి, బూట్లు విప్పకుండానే నా బల్ల పక్కన నిలబడి చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. అతను పోయాక ఆ పనికి ఇంకొకరిని వేయలేదు. ఇంజనీరు గారు, "పోయిన నెలది చూసి కొట్టెయ్యమ్మా, తేదీ మారిస్తే చాలు" అన్నారు. సరేనన్నాను. నా సర్వీసులో చివరి ఆరేళ్లు, అనగా డెబ్బై రెండు రిపోర్టులు, ఏ మనిషీ కట్ట దగ్గరికి వెళ్లకుండా నా కుర్చీలోంచే వెళ్లాయి. అవి అబద్ధమని ఇందుమూలముగా వాంగ్మూలం ఇస్తున్నాను. దీనిపై నాకు ఏ శిక్ష విధించినా అభ్యంతరం లేదు. ఇంజనీరు గారి సంతకం వెనుక నేను దాక్కోదలచుకోలేదు. తేమ లేదని కొట్టిన వేళ్లు నావి.

తర్వాతి శనివారం తరగతిలో నిలబడి ఈ మాటే పిల్లలకు చెప్పాను. కొలబద్ద లేచి, "అయితే ఇప్పుడు చూద్దాం పదండి" అంది.

4. వెళ్లి చూశాం. ప్రధానోపాధ్యాయురాలు రాసిచ్చిన అనుమతి కాగితం జతపరిచాను. వాన పడి నాలుగు నెలలైంది. ఊరంతా గడ్డి ఎండిపోయి ఉంటే, కట్ట పాదం దగ్గర ఒక మంచం పట్టేంత మేర జమ్ము పచ్చగా లేచి ఉంది. దాని మొదట్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. ఆ పిల్ల లీటరు సీసా పెట్టి, ఫోన్ల మావయ్య గడియారం చూసి లెక్కపెట్టింది. సీసా నిండడానికి డెబ్బై సెకన్లు పట్టింది. రెండు వారాలకు యాభై ఎనిమిది. నాలుగో వారం నలభై ఒకటి. ప్రతిసారీ పట్టిన నీళ్లను తేదీ అంటించి తరగతి గది కిటికీలో వరసగా పెట్టారు. అన్నీ తేటగానే ఉండేవి.

గనికి ఉత్తరం రాశాం. 'ఊట సహజము. ఆందోళన అవసరము లేదు' అని ఒక్క వరుసలో జవాబు వచ్చింది. టైపు చేసిన అమ్మాయి ఎవరో నాకు తెలుసు. నా కుర్చీలో కూర్చున్న అమ్మాయే.

5. పిదప జరిగినది: గని కార్యాలయం నుండి తమ కార్యాలయానికి ఫిర్యాదు వెళ్లినది. విద్యార్థులలో అనవసర భయాందోళనలు రేకెత్తించుచున్నందున మా సంఘం బడి ఆవరణలో ప్రవేశించరాదని తమ ఉత్తర్వు వచ్చినది. కిటికీలోని సీసాలను ఖాళీ చేయించినారు. మేము కట్టుబడ్డాం, గేటు దాటలేదు. కానీ ఆ పిల్లకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు కదా. ఏడో వారం ప్రహరీ గోడ దూకి వెళ్లి కొలిచింది. ఇరవై మూడు సెకన్లు. దిగేటప్పుడు మోకాలు చీరుకుపోయింది. పది రోజులు బడికి రావద్దని కాగితం ఇచ్చారు. సీసాను మాత్రం చున్నీలో చుట్టి మా ఇంటికి తెచ్చింది.

అయ్యా, ఆ నీళ్లు తేటగా లేవు. పలచటి టీ రంగులో ఉన్నాయి. అరగంట కదపకుండా ఉంచితే అడుగున వేలి మందాన మట్టి దిగింది. కట్ట చుట్టూ నడిచే మేస్త్రీ నాతో ఒకసారి అన్నాడు: "తేట నీళ్లు ఊరితే ఊరనీ అమ్మా, చూసుకుంటూ ఉండాలంతే. ఎప్పుడైనా మురికిగా వచ్చిందనుకో, కట్ట తన కడుపు తానే కోసుకుంటున్నట్టు. ఇంక కాగితం, కలం అని కూర్చోకూడదు." నేను మాత్రం కాగితం పట్టుకునే కూర్చున్నాను. నాకు ఇంకేమీ చేతకాదు.

6. ఆ సాయంత్రమే పిల్ల తండ్రి మా గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మా పిల్లకు నాలుగు ముక్కలు నేర్పమంటే నా పొట్ట మీద కొట్టారు. మేనేజరు పిలిచి, కూతుర్ని అదుపులో పెట్టుకో, లేదంటే బండి తాళాలు ఇచ్చెయ్ అన్నాడు. మీకేం, రిటైరైపోయారు" అన్నాడు.

"నిజమే నాయనా" అన్నాను. సీసా తెచ్చి అతని ముందు పెట్టాను. అది ఎక్కడిదని అడగలేదు. చేతిలోకి తీసుకుని దీపం వైపు ఎత్తి చూశాడు. మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

"పైన ఆరనివ్వడం లేదమ్మా" అన్నాడు. "బురద ఎండకముందే మళ్లీ పోయిస్తున్నారు. ఈ నెలలో కట్ట ఎత్తు రెండుసార్లు పెంచారు. బండి తీసుకుని కట్ట మీదికి ఎక్కితే నేల పరుపులా ఊగుతోంది. స్టీరింగు పట్టుకున్న చేతికి తెలుస్తోంది. పొద్దున ఎనిమిదిన్నరకు నేను పైన బండి తిప్పుకుంటుంటే కింద ప్రార్థన గంట వినిపిస్తుంది. అటు చూడకుండా బండి తిప్పుకుని వచ్చేస్తాను."

ఈ మాటలు అర్జీలో రాయవచ్చునా అని మూడు రోజుల తర్వాత అడిగాను. భార్యతో మాట్లాడి వచ్చి, "రాయండి. పని పోతే ఇంకోటి వెతుక్కుంటా. పిల్లను ఎక్కడ వెతుక్కుంటా" అన్నాడు. అతని సంతకం కింద ఉన్నది.

7. తమ కార్యాలయానికి నాలుగుసార్లు వచ్చితిని. తమ దర్శనం కాలేదు. గుమాస్తా గారు మర్యాదస్థులే, కుర్చీ వేశారు. "కట్ట సంగతి మాది కాదమ్మా, గనుల శాఖది" అన్నారు. గనుల శాఖకు వెళ్లాను. "కింద ఉన్నది బడి కాబట్టి విద్యాశాఖ రాయాలి" అన్నారు. తిరిగి వచ్చాను. గుమాస్తా గారు, "మీ పిల్లలెవరైనా అక్కడ చదువుతున్నారా?" అని అడిగారు.

"లేరండి. నాకు పిల్లలు లేరు."

"మరి మీకెందుకమ్మా ఈ తిప్పలు?"

"కట్ట గనుల శాఖది, పిల్లలు విద్యాశాఖవాళ్లు. మరి ఆ మధ్యలో ఊరే నీళ్లు ఎవరివి బాబూ?" అన్నాను. ఆయన నిజంగానే ఆలోచించారు. పక్క బల్ల వారిని కూడా అడిగి, "కట్ట తెగాక అయితే విపత్తుల విభాగం చూస్తుందమ్మా. ఇప్పుడు మాత్రం ఎవరి కిందికీ రాదు" అన్నారు.

అయ్యా, నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసు భాషలోనే బతికినదానను. 'పరిశీలనలో ఉన్నది' అంటే ఎవరూ చూడలేదని, 'తగు చర్య నిమిత్తం' అంటే బల్ల మారిందని నాకు తెలుసు. ఆ మాటలు నేనే వేలసార్లు కొట్టాను. అందుకని ఈసారి మామూలు మాటల్లో చెబుతాను. నాలుగువందల పన్నెండు మంది పిల్లలు ఆ కట్ట కింద కూర్చుని చదువుకుంటున్నారు. అది లోపల్నుంచి కరిగిపోతోంది. మీరు రండి. ఎవరినీ పంపకండి, మీరే రండి. గోడ వెనక్కి వెళ్లి సీసా పట్టి చూడండి. అరగంట పని.

కావున తమరు దయతో: (అ) తరగతులను వెంటనే గుట్ట మీది పాత సినిమా హాలుకు మార్పించవలెను. హాలు యజమాని ఒప్పుకొని రాసిచ్చిన కాగితం జతపరచితిని. (ఆ) ఆ పిల్లపై శిక్ష రద్దు చేయవలెను. గోడ దూకడం తప్పే. అయితే మనలో ఒక్కరం కూడా దూకలేదు. (ఇ) మా సంఘంపై నిషేధం ఉంచదలిస్తే ఉంచండి. పాఠం చెప్పకపోయినా మేము బతకగలం.

ఇంతకు మించి టైపు చేయడానికి నా దగ్గర మాటలు లేవు. తమరు దీనిని చదివి ఫైలులో ఉంచక, లేచి వచ్చి కళ్లారా చూసి చిత్తగించవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్న

తమ విధేయురాలు,
రిటైర్డు టైపిస్టు, పౌరసంఘ సభ్యురాలు

సాక్షి సంతకములు: టిప్పర్ డ్రైవరు, ఫోన్లు బాగుచేయువారు

తా.క. చేత్తో రాస్తున్నందుకు క్షమించాలి. మిషను ఇంట్లోనే ఉండిపోయింది, ఇది సినిమా హాల్లో కూర్చుని రాస్తున్నాను.

ఈ అర్జీ కవరులో పెడుతుండగా ఈ ఉదయం ప్రధానోపాధ్యాయురాలు మా ఇంటికి వచ్చారు. ఆ పిల్లకు బడికి రావద్దని కాగితం ఇచ్చిన ఆవిడే. చీర అంచు మోకాళ్ల దాకా తడిసి ఉంది. "చూసొచ్చాను టైపమ్మా. ఊట కాదు, పిల్లకాలువలా పారుతోంది. మురికిగానే ఉంది" అన్నారు. పైవారి ఆదేశం లేకుండా బడి కదిలిస్తే ఉద్యోగం పోతుందని నేనే గుర్తుచేశాను. "ఆ సంగతి నాకు తెలుసులే. సినిమా హాలు తాళం ఎవరి దగ్గరుంది, అది చెప్పు" అన్నారు.

పదకొండు గంటలకు గంట కొట్టించి, పిల్లలను రెండేసి మంది చొప్పున చేతులు పట్టించి గుట్ట ఎక్కించారు. నేను లైను చివర నడిచాను. పైన నిలబెట్టి లెక్కపెడితే నాలుగువందల పదకొండే వచ్చారు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఆ తగ్గిన ఒక్కరు కొలబద్ద. శిక్షలో ఉంది కదా, ఇంట్లో ఉంది. ఫోన్ల మావయ్య పరుగున వెళ్లి తీసుకొచ్చారు.

ప్రధానోపాధ్యాయురాలిపై చర్య తీసుకోవద్దని తమకు మనవి. ఆవిడను ఎగదోసింది నేనేనని రాసుకోండి.

ఇప్పుడు మధ్యాహ్నం మూడు. కట్ట ఇంకా నిలబడే ఉంది. కింది పేట మాత్రం ఖాళీ కాలేదు. డ్రైవరు ఇంటింటికీ తిరిగి చెబుతున్నాడు, కొందరే కదిలారు. ఇక్కడ హాల్లో ఫ్యాన్లు లేవని, మరుగుదొడ్లు లేవని తల్లిదండ్రులు నన్ను తిడుతున్నారు. ఇంత గొడవ చేశాక కట్ట తెగకపోతే ఊరంతా నవ్విపోతారని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. అయ్యా, నేను కోరుకునేది కూడా అదే. అందరూ మిగిలి ఉండి నన్ను చూసి నవ్వాలి. తమరు త్వరగా రండి.