పన్నెండు జొన్నరొట్టెలు

మంగళవారం రాత్రి

ఈరోజు పన్నెండు జొన్నరొట్టెలు తట్టాను. ఏడాదిగా ఒళ్లంతా నొప్పులతో రెండో రొట్టెకే చేతులు పడిపోయేవి. ఫైబ్రోమయాల్జియా అంట, ఆ పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. డాక్టరమ్మ రాసింది దిగులుకిచ్చే మాత్రే. అది ఈ నొప్పికీ పనిచేస్తుందని ముందే చెప్పింది.

సాయంత్రం మందుల షాపులో ఆ సంగతి విని అత్త నేరుగా పొయ్యి దగ్గరికొచ్చింది.

"అది పిచ్చోళ్లకిచ్చే మాత్రంట కదమ్మే. రేపట్నుంచి మింగాకు."

ఎప్పుడూ తల వంచుకునేదాన్ని, ఈసారి వంచలేదు.

"నొప్పి తగ్గిస్తాండాది అత్తా. డాక్టరమ్మ చెప్పేదాకా నేను మానను."

మా ఆయన రొట్టె తుంచుకుంటూ, "ఆ మాత్ర మానిపిస్తే రేపు రొట్టెలు నువ్వే తట్టాల మా," అన్నాడు. అత్త మూతి తిప్పుకుని కంచంలో ఇంకో రొట్టె వేయించుకుంది.

ఎన్నాళ్లు మింగాలో డాక్టరమ్మను అడగాలి. అత్త ముందు నిలబడి మానను అన్నది నేనేనా అని ఇప్పటికీ నవ్వొస్తోంది.