ఇంటివైపు తిరిగిన పడవ

చెల్లెమ్మా, ఇరవై మూడు రోజులు సముద్రం మీద ఉండి నిన్న అవతలి ఒడ్డు చేరాం. ఇద్దరం క్షేమం.

పదకొండో రోజు ఉదయం ఎప్పటిలాగే టీ కాచి, తడి చొక్కాలు తాడుకు ఆరేసి, చుక్కాని పట్టుకుని కూర్చున్నాను. పడవ నడిపే వంతు నాదే. ఇంట్లో అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని ప్రార్థనలో పడిపోయాను. మీ బావ పైకి వచ్చి, నన్ను కదపడం ఇష్టంలేక, చుక్కాని నా చేతిలోనే ఉంది కదా అని పక్కన కూర్చుని తనూ కళ్లు మూసుకున్నారు. నేను కళ్లు తెరిచి చూస్తే, వీపున ఉండాల్సిన ఎండ మొహాన కొడుతోంది. పడవ ఇంటివైపు తిరిగిపోయింది!

"ఏం కోరుకున్నావేంటి?" అన్నారు.

"మనల్ని ఇంటికి చేర్చమని. నాకు భయంగా ఉందండీ, వెనక్కి పోదాం."

"నీ దేవుడికి మరీ ఇంత తొందరైతే ఎలా!" అని నవ్వారు గానీ, పట్టుకున్న నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

తమ్ముడి దగ్గు తగ్గిందా? నా కళ్లజోడు సముద్రంలో పడిపోయింది. బీరువాలో డాక్టరు చీటీ ఉంటుంది, నంబరు చూసి ఈ కార్డు మీది చిరునామాకు రాయి.

ఆ సాయంత్రం ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ముందుకే వెళ్దాం, నా ప్రార్థన వేళ చుక్కాని ఆయన పట్టాలి, ఒడ్డు కనపడేదాకా నేను దేవుణ్ణి ఇల్లు అడగకూడదు. నిన్న ఒడ్డు కనపడగానే అడిగేశాను.

అందరూ చల్లగా ఉండండి.

అక్క