ఒక్క ముక్కతో సరిపెట్టిన నటి

రుస్తాఖ్, 1978

రూతక్కా,

ఆ ఇంగ్లీషు నటి చిన్న వేషాలు కోరి వేసిందా, పెద్దవి ఆవిడకెవరూ ఇవ్వలేదా? నువ్వు కన్నుమూసి రెండేళ్లయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆవిడ చనిపోయిందని బుధవారం లండన్ రేడియోలో చెప్పారు. గుంటూరు సినిమా హాల్లో మనం చూసిన పనిమనిషి, లండన్‌లో ట్రైనింగప్పుడు నువ్వు నాటకంలో చూసిన ముసలి రాణి, ఇక్కడ ఈ అరబ్బు దేశం ఆసుపత్రిలో డ్యూటీ దిగొచ్చి రేడియో నాటకంలో గొంతునిబట్టి నువ్వు గుర్తుపట్టిన నర్సు, అందరూ ఆవిడే. వార్తల్లో మాత్రం "సహాయ పాత్రల నటి" అని ఒక్క ముక్కతో సరిపెట్టి, ఫుట్‌బాల్ సంగతుల్లోకి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం మన నర్సులంతా కూడే ప్రార్థనలో ఆవిడ పేరు కూడా చేర్చమన్నాను.

"పాపం, ఏ వార్డులో చేసేదమ్మా?" అంది సువార్తమ్మగారు.

నటి అని చెప్పాను.

"ఎమ్మే చదివినదానివి, నీకూ సినిమా పిచ్చేనా?"

"నలభై ఏళ్లు పనిచేసిన మనిషండీ," అన్నాను. నా గొంతు లేచింది. అందరూ బైబిళ్లలోకి తలలు దించుకున్నారు.

ఇక్కడ వార్డంతా నువ్వే నడిపావు. మేట్రన్ పోస్టు మాత్రం రెండుసార్లూ నీ తర్వాత వచ్చినవాళ్లకే ఇచ్చారు. "నాకెందుకే ఆ కుర్చీ?" అని నవ్వేదానివి. అది నీ మనసులో మాటో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నావో, నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.