ఈ ఇంట్లో దిగకండి

అక్టోబర్ 6, సోమవారం
వెబ్ రైటింగ్ క్లాసు. న్యూకాసిల్‌కు కొత్తగా వచ్చే విద్యార్థుల కోసం తలా ఒక పేజీ రాయమన్నాను. మౌనికది వరంగల్. అద్దె గదుల గురించి రాసింది. మొదటి పేరా నిండా నమస్కారాలు, కృతజ్ఞతలు... అసలు సంగతి అడుగున — తన గదిలో బూజు, రూమ్మేట్‌కు తగ్గని దగ్గు. పైదంతా కొట్టేశాను. చదివేవాళ్లు అంతదాకా ఆగరు, ముఖ్యమైనది ముందు పెట్టు, ఏ ఇల్లో చెప్పు అన్నాను. తలూపింది.

అక్టోబర్ 9
పేజీ నెట్‌లో పెట్టింది. మొదటి వాక్యం: "ఈ ఇంట్లో దిగకండి, గోడలకు బూజు ఉంది." కింద ఫోటోలు, వీధి పేరు. ఎంత బాగా రాసింది! వీధి పేరు మళ్లీ చదివాను. ప్రసాద్ అంకుల్ అద్దెకిచ్చే ఇల్లు. నేనీ ఊరొచ్చిన కొత్తలో నెల రోజులు అన్నం పెట్టిన మనిషి.

అక్టోబర్ 10
అంకుల్ ఫోన్. అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ పేజీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతోందట, జనవరిలో రావలసిన పిల్లలు గదులు వద్దంటున్నారట.
"నీ స్టూడెంటే కదమ్మా. నువ్వొక్క మాటంటే తీసేస్తుంది. మనలో మనం రోడ్డుకెక్కితే ఎలా?"
చూస్తానన్నాను. ఎందుకన్నాను?

అక్టోబర్ 11
కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

అక్టోబర్ 13
మౌనిక గదికి వెళ్లాను. గోడకు కొత్త రంగు. బీరువా జరిపితే వెనక నల్లగా... అలాగే ఉంది. మంచం మీద రూమ్మేట్, చేతిలో ఇన్‌హేలర్. నెలాఖరుకు ఖాళీ చేయమన్నారట అంకుల్. కోర్సు మధ్యలో ఎక్కడికి పోతారు, కొత్త గదికి అద్దె హామీగా గ్యారంటర్ ఎవరుంటారు? భయమేసింది నాకే. ఆ మొదటి వాక్యం కాస్త మెత్తగా మారిస్తే... అని నసిగాను.
మౌనిక నా మొహమే చూస్తోంది.
"మేడమ్, మీరు క్లాస్‌ల చెప్పింది మార్కులకేనా?"
సిగ్గేసింది. బస్సు కోసం కూడా ఆగలేదు, నడుచుకుంటూ వచ్చేశాను.

అక్టోబర్ 14
మాట్లాడావా అమ్మా — అంకుల్ మెసేజ్. మళ్లీ.

అక్టోబర్ 15
పొద్దున్నే మౌనిక మెసేజ్: "తీసేయమంటే తీసేస్తా మేడమ్. కానీ ఎందుకు తీసేస్తున్నమో మా రూమ్మేట్‌కు మీరే చెప్పుండ్రి."
ఆ అమ్మాయి పేరైనా అడగలేదు నేను.
సాయంత్రమైంది. ఇద్దరికీ జవాబివ్వలేదు — పేజీ ఇంకా అక్కడే ఉంది.